లాకప్పులో జడ్జిగారు

మా మనవరాలు ఒకసారి ఒక జడ్జిగారిని లాకప్పులో వేయించింది. పట్టపగలు, నిండు కోర్టు నడుస్తున్న వేళ.

సరే, వేయించింది అన్నది కొంచెం పెద్ద మాట. ఆయన తన కాళ్ళతో తానే నడిచి లోపలికి వెళ్ళారు. వెనకనుంచి తలుపు పడింది. ఆ తలుపు ఎలా పడిందన్న విషయంలో నాకూ మిగతా లోకానికీ కాస్త అభిప్రాయభేదం ఉంది. అది తర్వాత చెబుతాను. ముందు పిల్ల సంగతి చెప్పాలి.

మా పెద్దమ్మాయి కూతురు. లాయరు. గుమ్మం ముందు కార్లు వచ్చి ఆగే లాయరు కాదు. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళ తరఫున వాదించడానికి ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న లాయరు. ఆమెను ఎవరూ ఏరికోరి ఎంచుకోరు, ఆమె ఎవరినీ వద్దనడానికి లేదు. పోలీసులు ఎంతమందిని పట్టుకొస్తే అంతమందీ వచ్చి ఆమె నెత్తిన పడతారు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఫైళ్ళ దొంతర పైన ఆమె నుదురూ కళ్ళజోడూ మాత్రమే కనిపించేవి. వీధి చివర పళ్ళమ్మే ఆవిడ చాలాకాలం ఫైళ్ళే వాటంతట అవి నడిచి వెళుతున్నాయనుకుందట. కోర్టు వరండాలో తల్లులూ తమ్ముళ్ళూ పెళ్ళాలూ అందరూ ఎడమవైపు నుంచే ఆమె కోటు పట్టుకుని లాగుతారు, కుడివైపు గోడ ఉంటుంది కాబట్టి. అలా లాగీ లాగీ కోటు ఎడమచెయ్యి కుడిచెయ్యి కంటే బెత్తెడు పొడుగు సాగింది. నమ్మకం కుదరకపోతే మా దర్జీని అడగండి.

లాగిన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పే మాట ఒకటే, "ఒక్క నిమిషం." అందుకే బంట్రోతు మొదలు ప్రాసిక్యూటరు దాకా కోర్టులో అందరూ ఆమెను ఒక్కనిమిషం మేడమ్ అంటారు. ఆమెకు కోపం వచ్చేది కాదు. ఒక మనిషికి ఆమె ఇవ్వగలిగింది నిజంగానే అంత.

అక్కడ పని ఇలా సాగేది. జైలు నుంచి వ్యాను వస్తుంది. తెచ్చినవాళ్ళను మెట్ల కింద గదిలో, అంటే లాకప్పులో, కూర్చోబెడతారు. పిలుపు వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ పైకి తెస్తారు. మెట్లెక్కి, వరండా దాటి, బోనులోకి వెళ్ళేలోపు నడుస్తూ నడుస్తూనే లాయరూ నిందితుడూ మాట్లాడుకోవాలి. అంటే మాట్లాడేది లాయరే. నిందితుడికి మెట్లు చూసుకోవడంతోనే సరిపోతుంది. లోపలికి వెళ్ళగానే జడ్జిగారు "సిద్ధమేనా?" అంటారు. లాయరు "సిద్ధమండీ" అనాలి. మా కాన్వెంటులో సిస్టరు అర్థమైందా అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో అయిందనేది చూశారూ, ఇదీ అలాంటిదే. జడ్జిగారు చెడ్డమనిషేమీ కాదు. ఆయన బల్లమీదా ఒక కొండ ఉంది, సాయంత్రానికి దాన్ని గుట్ట చేయాలి.

ఒకరోజు మా పిల్ల చేతిలో రెండు ఫైళ్ళు తారుమారయ్యాయి. ఒకటి బేకరీలో బట్టీ దగ్గర పనిచేసే మనిషిది. స్కూటరు దొంగతనం కేసు. రెండోది గోడలకు రంగులు వేసే మనిషిది. తాగి, నడివీధిలో నిలబడి, ఇరుగుపొరుగుకు కంటిమీద కునుకు లేకుండా పాటలు పాడిన కేసు. పాడటం ఎలా నేరమవుతుందని మీరు అడగవచ్చు. ఆయన గొంతు విన్నాక అడగరు.

మెట్లమీద ఆమె బేకరీ మనిషితో గబగబా చెప్పింది, ఇది చిన్న కేసు, ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది, ఈరోజే ఇంటికెళ్ళవచ్చు అని. ఆయన తలూపాడు. లోపల బెంచి క్లర్కు నేరం చదివాడు. ఆ క్లర్కు చదువుతుంటే రైలు పోతున్నట్టుంటుంది, పెట్టెల మధ్య సందు కనబడదు. ఒప్పుకుంటావా అన్నారు జడ్జిగారు. ఒప్పుకుంటానండీ అన్నాడు ఆయన. శిక్ష సంగతి రేపు చెబుతానని రాసుకుని, తర్వాతి కేసు అన్నారు.

తర్వాతి కేసు రంగుల మనిషి. వరండాలో మా పిల్ల అతన్ని స్కూటరు గురించి అడుగుతూ పోతే, అతను కాసేపు ఓపిగ్గా విని, "మేడమ్, నేను పాట పాడానండి. స్కూటరెక్కి పాడలేదు" అన్నాడట.

ఫైళ్ళు తారుమారైన సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. అక్కడికక్కడే లోపలికి వెళ్ళి, ఇందాక ఒప్పుకున్న మనిషికి నేను వేరే కేసు గురించి చెప్పాను, పొరపాటు నాది, ఆ ఒప్పుకోలు కొట్టేయండి అంది. జడ్జిగారు గడియారం వైపు చూశారు. రేపు శిక్షకు ముందు చెప్పుకోండి అని, రంగుల మనిషి కేసునూ రేపటికే వేశారు. ఇలాంటి పొరపాటు చేశానని కాగితం మీద పెడితే మీ లాయరు పట్టా ఏమవుతుందో కూడా ఆలోచించుకోండి అన్నారు, దయగానే. ఆమె పై అధికారి అంత దయ కూడా చూపలేదు. స్కూటరుకు ఎంత పడుతుంది, కొన్ని నెలలు, వాడు బయటికొస్తాడు, నీ ఉద్యోగం మాత్రం మళ్ళీ రాదు అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఇదంతా చెబుతుంటే మా అమ్మాయి కంచంలో చెయ్యి ఆపేసింది.

"ఇంకెవరికీ తెలీదు కదే. ఊరుకో."

"ఆయనకు తెలుస్తుంది కదమ్మా. జైల్లో తీరిగ్గా కూర్చుని తెలుసుకుంటాడు."

"నీ ఉద్యోగం పోతే?"

"పోనీ. తప్పు నాదే, దాచను. కానీ ఇంతమందిని తెచ్చి ఒక్కదాని నెత్తిన పడేసి, సిద్ధమేనా అని అడిగి, రోజూ నాతో సిద్ధమని అబద్ధం ఆడిస్తోంది ఎవరమ్మా? ఆ మాట ఇక నా నోట రాదు."

మా అమ్మాయి నావైపు చూసింది, మీరైనా చెప్పండి నాన్నా అన్నట్టు. నేను ఇంకాస్త కూర వడ్డించుకున్నాను. ఆ పిల్ల మూడేళ్ళప్పుడు చెప్పులు వేసుకోనని మొండికేస్తే నేనే ఓడిపోయాను. ఇప్పుడు నల్లకోటు కూడా ఉంది.

మర్నాడు కోర్టులో మొదటి కేసు పిలిచారు. సిద్ధమేనా అన్నారు జడ్జిగారు. సిద్ధంగా లేనండీ అంది. రెండో కేసు. సిద్ధంగా లేను. మూడోది, ఆ తర్వాతది, ఆ తర్వాతది. ప్రాసిక్యూటరు మొదట నవ్వాడు, తర్వాత మానేశాడు. జడ్జిగారు కలం కింద పెట్టారు.

"వీళ్ళలో ఎవరితోనైనా మాట్లాడారా మీరు?"

"లేదండీ. ఇవాళే కాదు, ఎప్పుడూ మాట్లాడలేదు. మెట్లమీద పలకరించానంతే."

"ఇది కోర్టు ధిక్కారం కిందకు వస్తుంది. తెలుసా?"

"తెలుసండీ. అయితే నన్నూ లాకప్పులో పెట్టండి. నా పని ఉన్నది అక్కడే."

ఆయన జవాబు చెప్పేలోపే ఫైళ్ళు చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి గానీ ఆమె తిరిగి రాదని ఎవరికీ తట్టలేదు. జడ్జిగారు బంట్రోతును పంపారు. బంట్రోతు వచ్చి, ఒక్క నిమిషం అన్నారండీ అన్నాడు. బెంచి క్లర్కును పంపారు. ఆయనా వచ్చి, కాస్త నసిగి, అదే మాట చెప్పాడు. అప్పుడు జడ్జిగారు లేచారు. ఆయన లేవగానే కోర్టంతా లేచింది. ఆయన వెనక తలుపులోంచి తన గదికి పోకుండా ముందుకు నడిచి మెట్ల వైపు తిరిగేసరికి, లేచినవాళ్ళకు మళ్ళీ కూర్చోవాలో వద్దో తెలియలేదు. కొందరు ఇప్పటికీ నిలబడే ఉన్నారని నేను అంటే మీరు నమ్మరు.

లాకప్పులో గాలి తక్కువ, మనుషులెక్కువ. మా పిల్ల సిమెంటు అరుగు మీద బేకరీ మనిషి పక్కన కూర్చుని ఉంది. జడ్జిగారు గుమ్మంలో ఆగి, ఏమిటమ్మా ఇది అని అడిగారు. ఆమె వెనక్కి తిరగలేదు. "ఒక్క నిమిషమండీ. నా క్లయింటు మాట్లాడుతున్నాడు."

ఆయన ఇంకో అడుగు లోపలికి వేశారు. తలుపు పడింది.

ఆ తలుపు లోపలినుంచి తెరుచుకోదు, దాని ఉద్దేశమే అది. తాళంచెవి కాపలా కానిస్టేబులు దగ్గర ఉండాలి. ఆయన జేబులు వెతుక్కున్నాడు. ఒక జేబు, ఇంకో జేబు, మళ్ళీ మొదటి జేబు. చివరికి టీకొట్లో మరిచిపోయానేమోనండీ అని బయటినుంచి చెప్పి, తొందరేమీ లేని నడకతో వెళ్ళాడు. తర్వాత నేను ఆయన్ని కదిపి చూశాను. తాళంచెవి ఏ జేబులో దొరికింది బాబూ అంటే నవ్వాడు తప్ప చెప్పలేదు.

లోపల కూర్చోవడానికి ఒక్కచోటే ఖాళీ ఉంది, రంగుల మనిషి పక్కన. అతను జరిగి చోటిచ్చాడు. జడ్జిగారు కూర్చున్నారు. మా పిల్ల తన మనిషిని అడిగింది, పెద్దాయన వింటున్నారు, చెప్పడం ఇష్టమేనా, లేకపోతే ఆపేద్దాం అని.

"నాకేం భయమండి. నిన్న వారి ముందు లేనిదే చెప్పాను. ఉన్నది చెప్పడానికేం?"

ఆయన చెప్పాడు. స్కూటరు పోయిన పొద్దున తాను బట్టీ దగ్గర ఉన్నాడు. రొట్టె లోపల ఉండగా బట్టీ వదిలిపెట్టి పోయే పనివాడు ఎక్కడా ఉండడు, మాడితే జీతంలో కోస్తారు. యజమాని అక్కడే ఉన్నాడు, రొట్టెల కోసం వచ్చినవాళ్ళు ఉన్నారు. స్కూటరు మాత్రం బేకరీ వెనక సందులో దొరికింది, అప్పుడు సందులో ఉన్నది తానొక్కడే, చెమట ఆరబెట్టుకోవడానికి. యజమానిని ఎవరైనా అడిగారా అని ఆమె అడిగింది. ఎవరూ అడగలేదు. ఆమె తొందరపడలేదు. ఒక్కో ప్రశ్న వేసి, జవాబు పూర్తయ్యేదాకా ఆగి, ఇంకోటి వేసింది. ఆమె అలా అడగడం అక్కడున్నవాళ్ళు అంతకుముందు చూడలేదు.

జడ్జిగారు ఉండబట్టలేకపోయారు. "మరి ఒప్పుకున్నావెందుకయ్యా?"

"లాయరమ్మ చెప్పారు కదండీ. పెద్ద చదువులు చదివిన మనిషి. నేనేం చేశానో నాకంటే ఆవిడకే బాగా తెలుసనుకున్నాను."

మా పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. జడ్జిగారు నేలవైపు చూస్తూ కూర్చున్నారు. రంగుల మనిషి, వాళ్ళిద్దరి బాధా చూడలేక, సన్నగా ఒక పాట ఎత్తుకున్నాడు. కానిస్టేబులుకు ఆ క్షణంలోనే తాళంచెవి దొరికింది.

పైకి వెళ్ళాక జడ్జిగారు ఆ ఒప్పుకోలు కొట్టేశారు. నిందితుడి మాట తాను విన్నాను కాబట్టి విచారణ ఇంకో కోర్టులో జరగాలని రాసి, ఆ మనిషిని సొంత పూచీ మీద ఇంటికి పంపారు. ఆ ఇంకో కోర్టులో యజమాని వచ్చి సాక్ష్యం చెప్పాడు, కేసు పోయింది. రంగుల మనిషికి జరిమానా పడింది. అది న్యాయమే.

ధిక్కారం సంగతి జడ్జిగారు మళ్ళీ ఎత్తలేదు. పై అధికారి ఎత్తాడు. సంజాయిషీ అడుగుతూ ఆమెకు కాగితం పంపాడు. పొరపాటు ఎలా జరిగిందో దాచకుండా రాసి, చివర ఆమె ఒక్క వాక్యం చేర్చింది, సిద్ధంగా లేనప్పుడు సిద్ధంగా లేననే చెబుతాను అని. ఆయన ఆమెను పిలిపించి, అందరూ నీలాగే అంటే కోర్టులు మూసుకోవాలి అన్నాడట. ఆ వారంలోనే పక్క కోర్టులో ఆమెలాంటి జీతపు లాయరు ఒకాయన, భయంతో చెమటలు పడుతుండగా, సిద్ధంగా లేనండీ అన్నాడు. ఆ తర్వాత ఇంకొకావిడ. కోర్టులు మూసుకోలేదు. వాయిదాలు మాత్రం గుట్టలు పడ్డాయి. ఆ గుట్టలు పైవాళ్ళకు కనబడే ఎత్తుకు పెరిగాక మా పిల్ల కోర్టుకు ఇంకో లాయరును ఇచ్చారు. కుర్చీ ఇవ్వలేదు. ఆయన ఇప్పుడు కిటికీ గట్టు మీద కూర్చుని కేసులు చదువుతాడు. పొద్దున వ్యాను రాగానే ఇద్దరూ లాకప్పుకు దిగుతారు. పైన పిలుపులు మొదలవుతాయి, వాళ్ళు వచ్చినప్పుడే వస్తారు. పై అధికారి ఇప్పటికీ కాగితాలు పంపుతూనే ఉన్నాడు, ఆమె అదే వాక్యం రాసి తిప్పి పంపుతూనే ఉంది.

ఇదంతా రాసి నిన్న పొద్దున ఆమెకు చదివి వినిపించాను. నిలబడే వింది, ఎడమచెయ్యి సాగిన ఆ కోటు తొడుక్కుంటూ. అయిపోయాక కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"తాతయ్యా, జడ్జిగారు కిందికి రాలేదు. తలుపు పడలేదు. కానిస్టేబులు ఆరోజు సెలవులో ఉన్నాడు."

"మరి కానిస్టేబులు నాతో నవ్వాడే?"

"నీతో నవ్వనివాళ్ళు ఎవరున్నారు? ఆయనకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం అవసరం. సెలవులో ఉన్నాడు, రాసుకో."

"పోనీ, నువ్వు సిద్ధంగా లేనన్నది?"

ఆమె ఫైళ్ళు ఎత్తుకుంది. ఇప్పుడు కళ్ళజోడుతో పాటు ముక్కు కూడా కనిపిస్తోంది.

"ఏదీ జరగలేదు. మొత్తం అబద్ధం. పక్కకు జరుగు, వ్యాను వచ్చే టైమైంది."