కొబ్బరికాయ సైరన్

ఏ వస్తువు తయారుచేయాలో ముందే అనుకోకూడదు, జనం దగ్గరికి వెళ్ళి వాళ్ళ సమస్య ఏంటో కనుక్కోవాలి అని రాజమండ్రిలో కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకిచ్చే ఒక శిక్షణలో చెప్పారు. చెప్పినాయన మావైపు ఎప్పుడూ వచ్చి ఉండడు. మావైపు ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇస్తారు గానీ సమస్యలు చెప్పరు.

నేనూ మా బావమరిదీ పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాం. ఏ గుమ్మం తొక్కినా "మాకేం లోటండీ, ముందు కూర్చోండి" అనేవారు. పొట్టలు నిండాయి తప్ప సమస్య దొరకలేదు. అప్పటికి నేను ఉద్యోగానికి సెలవు పెట్టి ఉన్నాను. మా వస్తువును ఒక్క ఇంట్లోనైనా నిజంగా వాడితే రాజీనామా చేయొచ్చు, లేదంటే బుద్ధిగా ఆఫీసుకు వెళ్ళాలి. ఇది మా ఆవిడ షరతు. ఆ ఆఫీసున్న వీధిలోంచి వెళ్ళడం కూడా నేను మానేశాను.

చివరికి ఒక కొబ్బరితోటలో ఇంటావిడ మా మొహాలు చూసి, తలెత్తి చెట్లు చూసి చెప్పింది.

"కాయ ఎప్పుడు నెత్తిన పడుతుందోనని భయంగా ఉంటుందండి."

ఆవిడకు దండం పెట్టాలనిపించింది. తణుకు బజారులో పెరిగినవాణ్ణి, కొబ్బరికాయల్ని కొట్లోనే ఎక్కువ చూశాను. వెంటనే చెట్టుకు కట్టే సైరన్ పెట్టె తయారుచేశాం. పైన కాయ కదిలితే అది కూయాలి. గాలేస్తే కూసింది. కాకి వాలితే కూసింది. ఒకసారి మా బావమరిది తుమ్మితే కూసింది. మేం ఎప్పుడు వెళ్ళినా ఒక్క కాయా పడలేదు. అది కూడా మా పెట్టె మహిమే అనుకున్నాం.

ఫోన్ చేసి వెళ్ళిన ప్రతిసారీ పెట్టె చెట్టుకే ఉండేది, పైన కుంకుమ బొట్టుతో సహా. "బ్రహ్మాండంగా పనిచేస్తోందండి" అనేవారు ఇంటాయన. నేను రాజీనామా రాసుకున్నాను.

"ఈసారి ఫోన్ చేయకుండా వెళ్దాం," అంది మా ఆవిడ.

వెళ్ళాం. పెట్టె షోకేసులో ఉంది, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరులో. మమ్మల్ని చూడగానే ఇంటాయన దాన్ని చంకన పెట్టుకుని, స్టూలు తీసుకుని, కుంటుతూ చెట్టు వైపు పరుగెత్తారు.

"అసలు కాయలు పడతాయాండీ?" అని మా ఆవిడ ఇంటావిడను అడిగింది.

"ఎందుకు పడతాయమ్మా, ముదరగానే మనుషుల్ని చెట్లెక్కించి దింపు తీయించేస్తాం గదా. మీవారు ఎండనపడి వచ్చారు. ఒట్టి చేతులతో ఎలా పంపుతాం, ఏదో ఒకటి చెప్పాలి గదా."

నాకు ఉక్రోషం వచ్చింది.

"అయితే మీకు నిజంగా ఏ ఇబ్బందీ లేదా అండీ?"

ఆవిడ చాలాసేపు మొహమాటపడింది.

"అనకూడదు గానీ బాబూ, ఒకటుందండి. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఆ మోకాళ్ళ నొప్పులతో స్టూలెక్కి అది కట్టాల్సొస్తోంది."

అన్ని ఊళ్ళు తిరిగితే దొరికిన ఒకే ఒక్క నిజమైన సమస్య మేమే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన స్టూలు మీద వణుకుతూ తాడు బిగిస్తున్నారు. చెయ్యి పట్టుకుని కిందికి దింపి, పెట్టె విప్పి నా సంచిలో వేసుకున్నాను. ఇక ఇది మీకు అక్కర్లేదండి అన్నాను. ఆయన ముఖం విప్పారింది. మా వస్తువు వల్ల ఒక మనిషి అంత సుఖపడటం అదే మొదటిసారి.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను.