తండ్రీ కొడుకులూ, తప్పు కాలమూ

ఒక్క కూడికతో ఒక పెద్దాయన్ని ఏడిపించి, వారం తిరిగేసరికి మళ్లీ ఆయన గుమ్మం ముందుకెళ్లి ఆ కూడిక తప్పని చెప్పుకున్న ఘనుణ్ని నేను. ఇందులో మోసం లేదు, దురుద్దేశం అంతకన్నా లేదు. ఉన్నదల్లా నా తెలివి. కొంప ముంచడానికి అది చాలు.

అప్పటికి మేము అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చి ఏడాదే అయింది. నాకు బేస్‌బాల్ తెలియదు. వినయం కొద్దీ అంటున్నానని అనుకోకండి, నిజంగానే తెలియదు. గుంటూరులో క్రికెట్ తాగి పెరిగినవాణ్ని. బంతి కొట్టినవాడు బ్యాట్ పారేసి ఎందుకు పరిగెడతాడో కూడా అర్థమయ్యేది కాదు. కానీ ఆ ఆట మీద రాసే రాతలు మాత్రం అన్నం మానేసి చదివేవాణ్ని. ఎడమచేతి వాటం ఉండి, మంగళవారం పుట్టి, ఒకే నంబరు చొక్కా తొడిగిన ఇద్దరు ఒకే ఎండాకాలంలో ఒకే వేలు విరగ్గొట్టుకున్నారు లాంటి సంగతులన్నమాట. అవి ఎవరికీ పనికిరావు. నాకు మాత్రం ప్రాణం.

మా పక్కింటి హాల్ గారికి డెబ్భై తొమ్మిదేళ్లు. కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. భార్య మార్జ్ పోయి నాలుగేళ్లు, ఒక్కరే ఉంటారు. ఎండాకాలం శనివారాల్లో పార్కులో ఆడే ఊరి జట్టుకి సమస్తం ఆయనే. మైదానంలో సున్నం గీతలు గీసేదీ, ఆటకి వచ్చినవాళ్లకి నాలుగు పేజీల కరపత్రం పంచేదీ ఆయనే. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "అంకుల్" అన్నాను. ఆయన అభ్యంతరం పెట్టలేదు.

"నువ్వు లెక్కల మనిషివటగా! నా కరపత్రంలో మూడో పేజీ ఎప్పుడూ ఖాళీయే. ఏదైనా రాసిపెట్టు" అన్నారొకసారి. మాటలు ఆయన ఇంగ్లీషువే, తెలుగు చేసింది నేను.

రాశాను. చొక్కా నంబర్లు, పుట్టినరోజులు, ఇంటిపేర్లు, ఇలా ఆట నియమాలతో పనిలేని సంగతులే రాశాను. ఆలూ లేదు చూలూ లేదు, కాలమిస్టు పేరు రఘు! జనం హాట్‌డాగ్ తింటూ చదివి తలలూపేవారు. వాళ్లు తలలూపిన కొద్దీ నా తల పెద్దదైంది.

జూన్‌లో ఒక రోజు ఆయన అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి మా వరండాలో దించారు. నిండా స్కోరు పుస్తకాలు. పెళ్లయిన కొత్తలో హాల్ గారు ఫ్యాక్టరీ జట్టుకి ఆడిన ఆటలు, తర్వాత వాళ్లబ్బాయి డానీ ఆడిన ఆటలు, అన్నీ మార్జ్ గారు పెన్సిల్‌తో ముత్యాల్లా రాసినవి.

"వాడికి నాతో పందెం" అన్నారాయన. "నా మొత్తం పరుగులు దాటేస్తానని పదేళ్లప్పుడే అన్నాడు. నీ వల్ల కాదురా అనేవాణ్ని. ప్రతి ఆటకీ అదే మాట. ఊరికే, ఉడికించడానికి."

"ఇప్పుడు డానీ ఎక్కడుంటారు అంకుల్?"

"ఇరవై నాలుగో ఏట పోయాడు. జనవరిలో మంచు మీద కారు జారింది." పెట్టె నా వైపు జరిపి, "నీ పేజీకి పనికొచ్చేది ఏమైనా ఉంటే తీసుకో. పందెం జోలికి మాత్రం పోకు" అన్నారు.

బుద్ధున్నవాడెవడైనా ఆ మాట వింటాడు. నేను ఆ సాయంత్రమే పందెం లెక్క మొదలుపెట్టాను.

ఆ పుస్తకాల్లో ప్రతి ఆటగాడి పేరుకెదురుగా చివర్లో రెండు కాలమ్‌లున్నాయి. ఒకదాని మీద పరుగులు అని, రెండోదాని మీద బ్యాట్‌తో వచ్చిన పరుగులు అని ఉంది. క్రికెట్ బుర్ర కదా, క్షణంలో తేల్చేసింది. బ్యాట్‌తో వచ్చినవే బ్యాట్స్‌మన్ పరుగులు, మొదటి కాలమ్‌లోవి లెగ్‌బైల్లాంటి చిల్లర వ్యవహారం. మూడు వారాలు కూర్చుని ఆ కాలమ్ మొత్తం స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. తండ్రికి నూట ఎనభై ఎనిమిది. కొడుక్కి నూట ఎనభై ఎనిమిది.

నేను వేసిన కేకకి వంటింట్లోంచి మా ఆవిడ సుజాత పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? గ్రీన్ కార్డ్ వచ్చిందా?"

"అంతకన్నా పెద్దది!"

కాగితం పట్టుకుని పక్కింటికి ఉరికాను. హాల్ గారు నిలబడి చదివారు. తర్వాత మెట్ల మీద కూర్చుని మళ్లీ చదివారు.

"ఇద్దరిదీ ఒకటేనా?"

"ఒకటెక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు అంకుల్!"

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు కూడి చూశాను!"

కూడిన మాట నిజమే. రెండుసార్లూ అదే కాలమ్ కూడాను. ఆయన కళ్లద్దాలు తీసి కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. "అందుకున్నాడు. వెధవ, అందుకున్నాడు" అన్నారు. నేను పక్కన నిలబడి ఏం చేస్తున్నానో తెలుసా? ఈ వాక్యం మూడో పేజీకి ఎంత బాగుంటుందో ఆలోచిస్తున్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం కరపత్రం వచ్చింది. చదివినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి హాల్ గారిని కావలించుకున్నారు. మైదానం పక్క బెంచీకి ఇత్తడి రేకు ఒకటి చేయించి, తండ్రీ కొడుకుల పేర్లూ, సమానమైన ఆ అంకెనూ చెక్కించి వచ్చే శనివారం బిగిద్దామని ఆయన అనుకున్నారు. ఆ వారమంతా ఆయన గడ్డి కోస్తూ ఈల వేయడం మా ఇంట్లోకి వినిపించింది.

గురువారం సుజాత స్కోరు పుస్తకాలు పక్కన పెట్టుకుని ఆ స్ప్రెడ్‌షీట్ తెరిచింది. ఆమెది కరీంనగర్, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పెళ్లిచూపుల్లో కూడా నా జవాబుల్లో రెండు బగ్గులు పట్టిన మనిషి.

"రఘూ, ఈ ఆటల చూడు, జట్టు స్కోరు ఆరు. నువ్వు తీసుకున్న కాలమ్ కూడితే అయిదే వస్తుంది. ఇదేంది?"

"ఎక్స్‌ట్రాలు ఉంటాయిగా."

"పక్క కాలమ్ కూడితే సరిగ్గ ఆరొస్తుంది."

"ఒక్క ఆటలో అలా కలిసొచ్చి ఉంటుంది."

"ఇరవై ఆటలు చూసిన. అన్నిట్ల పక్క కాలమే కలుస్తుంది. నీ ఎక్స్‌ట్రాలు ఎటు పోయినయ్?"

అప్పుడు, చేతులు కాలాక, ఆట నియమాలనే ఆకులు పట్టుకున్నాను. బేస్‌బాల్‌లో పరుగు కొట్టినవాడిది కాదట. నాలుగు మూలలూ చుట్టొచ్చి, బ్యాట్ పట్టి నిలబడ్డ చోటి పలక తొక్కినవాడిదట. వెనక ఎవరో కొట్టిన దెబ్బకి ముందున్నవాడు పరిగెత్తి వస్తే, ఆ పరుగు వచ్చినవాడి పేరునే పడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకళ్లు పరిగెత్తిన పరుగులన్నీ నేను ఇంకొకళ్లకి పంచిపెట్టాను. ఇద్దరికీ పక్క కాలమ్ కూడాను. తండ్రికి నూట డెబ్భై ఒకటి. కొడుక్కి నూట అరవై ఎనిమిది.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నాను నీరసంగా. "ఆయన సంతోషంగా ఉన్నారు కదా."

"సచ్చిపోయిన పిలగాని పేరు మీద తప్పు లెక్క చెక్కిస్తవా?" అంది సుజాత.

శుక్రవారం ఆఫీస్ నుంచి నేరుగా హాల్ గారింటికి వెళ్లాను. వంటింటి బల్ల మీద ఇత్తడి రేకు పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నారు. అక్షరాలు చెక్కించడం మర్నాడు పొద్దున్నేనట. ఉపోద్ఘాతం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుంటూరులో మొదలుపెట్టాను.

"అంకుల్, మా క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ కొడితే, అవతలి వాడు పరిగెత్తినా సరే, పరుగు కొట్టినవాడికే వస్తుంది. అందుకని నేను, అంటే ఆ పుస్తకాల్లో రెండు కాలమ్‌లున్నాయి కదా, అందులో..."

ఆయన గుడ్డ కింద పెట్టారు.

"ఎంత తక్కువ?"

"మూడు."

"నా లెక్కా మూడే."

ఆయన కిటికీలోంచి చూస్తూ చెప్పుకొచ్చారు. ప్రతి చలికాలం మార్జ్ ఈ బల్ల దగ్గరే ఇద్దరి మొత్తాలూ కూడేది. ఆ అంకెలు ఆయనకి తన పుట్టినరోజంత గుర్తు.

"మరి నేను చెప్పినప్పుడు ఎందుకు నమ్మారు అంకుల్?"

"మార్జ్ ఎక్కడో తప్పు కూడిందేమో అనుకున్నాను. అన్నేళ్లలో ఒక్కసారైనా తప్పు కూడి ఉంటుందని అనుకోవాలనిపించింది." మళ్లీ గుడ్డ తీసుకున్నారు. "ఒక వారం వాడూ నేనూ సమానంగా ఉన్నాం రఘూ. మంచి వారం."

క్షమాపణ చెప్పబోతే నాకే ఏడుపొచ్చింది. తప్పు చేసినవాణ్ని నేను, ఓదార్చింది ఆయన. మంచినీళ్లు తెచ్చిచ్చి, కరపత్రంలో సవరణ వేయమన్నారు.

"ఏమని వేయను?"

"రఘు కూడిక తప్పు, మార్జ్ కూడిక ఒప్పు అని. లేకపోతే మా ఆవిడ ఊరుకోదు."

అలాగే వేశాను. ఆ బెంచీ రేకు మీద ఇప్పుడు డానీ పేరూ, నూట అరవై ఎనిమిది పరుగులూ మాత్రమే ఉన్నాయి. తన అంకె పక్కన వద్దన్నారు హాల్ గారు.

కాబట్టి, ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేస్తూ చేస్తున్న ప్రతిజ్ఞ ఏమనగా: ఇకమీదట వద్దన్నవాళ్ల లెక్కలు ముట్టుకోను. ముట్టుకున్నా సుజాత సంతకం లేకుండా బయటపెట్టను. రెండు మొత్తాలు సమానంగా వచ్చినా కేక వేయను, కాగితం పట్టుకుని ఉరకను. ముందు వెళ్లి ఆ మనిషి పక్కన మెట్ల మీద కూర్చుంటాను. ఆయన అడిగితేనే చెబుతాను.