మగా ఆడా అని అడగని డాక్టరమ్మ

ఇవాళ పొద్దున ప్రసూతి వార్డు వరండాలో అడుగు పెట్టగానే యాలకులు దట్టించిన పాలకోవా పేడాల వాసన. కొత్తగా చేరిన నర్సు, అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచీ తుడవకముందే తలుపు దగ్గరికి పరుగెత్తి "మగపిల్లాడు!" అని కేక వేసి వచ్చిందట. చీవాట్లు పెట్టాను. మూతి ముడుచుకుంది. మా రాయచూరులో మొదట కబురు చెప్పినవాళ్ల నోట్లోనే మొదటి పేడా పెడతారు. ఆ ముచ్చట కోసం ఒకప్పుడు నేనూ అలాగే పరుగెత్తాను కాబట్టే నాకు అంతగా ఒళ్లు మండింది.

నేనప్పుడు మట్మారి నుంచి వచ్చిన కొత్త నర్సును. మా ఆస్పత్రిలో పిల్లల డాక్టరు సుగుణమ్మ, అందరికీ డాక్టరమ్మ. బజారులో బట్టల కొట్టు నడిపే ఇంట్లో పుట్టిన మనిషి. కోపం వస్తే తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో కసిరి, ఉర్దూలో ముగించేది. కోపం రాని రోజు నేను చూడలేదు. బిడ్డ పుట్టగానే లోకమంతా అడిగే ప్రశ్న ఆమెకు అస్సలు గిట్టదు. "మగా, ఆడా! ఊపిరి తీస్తుందా అని ఒక్కరన్న అడుగుతరా? పాలు తాగుతుందా అని అడుగుతరా? ఏంది గిట్ల పరేషాన్ చేస్తరు!" అనేది.

ఒకసారి బాళగనూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించుకునే రైతులు. కోడలికి తొలి కాన్పు. బిడ్డను చూడగానే నాకు మగపిల్లాడనిపించింది, బయటికెళ్లి చెప్పేశాను. తాతగారు నా నోరు తీపి చేశారు. మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి బిడ్డను పరీక్షించింది. పైకి మగపిల్లాడిలాగే ఉంది గానీ వృషణాలు ఎక్కడా చేతికి తగల్లేదు. ఆమె ఇంటివాళ్లను కూర్చోబెట్టింది. "మగనో ఆడనో ఇప్పుడే చెప్పరాకుంట పుట్టుడు చానా రకాలుంటది. చానామందికి పానానికి ఏం కాదు. కానీ ఒక రకంల కిడ్నీల మీదుండే గ్రంథులు సరిగ పని చెయ్యవు. ఒంట్ల ఉప్పంత మూత్రంల పోతది. రెండు వారాలు బిడ్డను ఇక్కడ్నుంచి కదిలియ్యొద్దు."

తాతగారి చెవికి ఆ ఉప్పు మాట ఎక్కలేదు. "మగపిల్లాడని మీ నర్సే చెప్పిందండీ. ఊరందరికీ ఫోన్లు చేసేశాం. ఇప్పుడు కాదంటే నలుగురిలో తలెత్తుకుని తిరగగలమా?" అన్నారు. తెల్లారేసరికి మంచం ఖాళీ. ఎవరికీ చెప్పకుండా బిడ్డను తీసుకుని వెళ్లిపోయారు.

వారం రోజులు డాక్టరమ్మ వాళ్లకు ఫోన్ చేస్తూనే ఉంది. వాళ్లు ఎత్తనప్పుడల్లా నా వైపు చూసేది. ఆ చూపు కంటే తిట్లే నయం. తొమ్మిదో రోజు పొద్దున్నే మందుల సంచి కారులో పడేసి "ఎక్కు" అంది. "వాళ్లే వస్తారేమో డాక్టరమ్మా" అని నసిగాను. "వచ్చేటోళ్లైతే ఎందుకు పోతరు? నోరు మూసుకొని ఎక్కు!"

బాళగనూరులో తాతగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "మగో ఆడో తేల్చడానికొచ్చారా?"

"అది నాకక్కర లేదు. బిడ్డ పాలు తాగుతుందా, అది చెప్పుండ్రి."

ఆయన వెనక నుంచి నానమ్మ మురిపెంగా అందుకుంది. "మా వాడు బంగారమండీ. రెండ్రోజుల్నించీ ఏడుపన్నదే లేదు. పాలు మాత్రం కక్కేస్తున్నాడు."

డాక్టరమ్మ ఆయనను పక్కకు తోసుకుని లోపలికి వెళ్లింది. బిడ్డ మాడు గుంట పడింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచింది, ఒంట్లో నీరంతా ఇంకిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేని బిడ్డను బుద్ధిమంతుడని మురిసిపోతున్నారు! డాక్టరమ్మ సంచిలో తెచ్చిన హార్మోను ఇంజెక్షన్ అక్కడే వేసింది. తల్లి ఎవరినీ అడగకుండా బిడ్డను ఎత్తుకుని మా కారులో కూర్చుంది. దారిలో సింధనూరు ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. రాయచూరు చేరాక రక్తపరీక్షలో డాక్టరమ్మ భయపడిందే తేలింది. స్కానింగులో గర్భాశయం కనిపించింది. ఆ గ్రంథులు కావలసిన హార్మోను చేయలేక మగ హార్మోను ఎక్కువ చేయడంతో ఆడపిల్ల పైకి మగపిల్లాడిలా కనిపించిందన్నమాట.

బిడ్డ కోలుకున్నాక తాతగారు చేతులు జోడించారు. "ఆపరేషన్ చేసి ఏదో ఒకటి తేల్చేయండమ్మా."

"కుట్లు విప్పి మళ్ల కుట్టనీకి ఇది జాకెట్టా?" అని డాక్టరమ్మ గయ్యిమంది. "మందు ఒక్కరోజు గూడ మానకుండ్రి, బతుకుతది. కోసుడు సంగతి తొందర లేదు. పెద్దయినంక దాన్నే అడుగుండ్రి."

ఆ సాయంత్రం వరండా బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని, తప్పు నాదేనని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "నీ లెక్కనే నేను గూడ ఒకసారి మగపిల్లగాడని చెప్పిన. వాళ్లు గిట్లనే పోయిండ్రు. వాళ్లే వస్తరులే అని ఆస్పత్రిల కూసున్న" అంది. తర్వాత ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

డాక్టరమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆమె మీద నాకున్న భయం మాత్రం ఇంకా పోలేదు, ప్రేమ కూడా. చెప్పిన రోజుకు ఎవరైనా బిడ్డను తీసుకురాకపోతే నేను ఫోన్ పట్టుకుని కూర్చోను, బస్సెక్కుతాను. నిన్న చిక్కసూగూరులో ఒక ఇంటివాళ్లు ఎంతసేపు కొట్టినా తలుపు తీయలేదు. నేనూ కదల్లేదు. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడవడం వినిపించాకే నాకు ఊపిరి ఆడింది.