బిందెలో నిద్రపోయిన గోదారి

నిన్న మా మనవరాలు నీళ్ల ఫిల్టరుకి చెవి ఆనించి, "మామ్మా, లోపలెవరో పుక్కిలిస్తున్నారు!" అంది. "అది మోటారే" అనబోయిన కోడల్ని కళ్లతోనే ఆపాను.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. గోదారి కాలవలో ఎర్రనీరు వచ్చే రోజుల్లో, నీళ్లు తేరడానికి ఆవిడ బిందె లోపల ఇండుపగింజ అరగదీసేది. రాత్రి ఎర్రగా ఉన్న నీళ్లు తెల్లారేసరికి అద్దమైపోయేవి. ఆ ఎరుపంతా అడుగున కదలకుండా ఉండేది. ఓ పొద్దున ఊపిరి బిగబట్టి చూసి, గోదారమ్మ పడుకుందన్నాను.

"పిచ్చిమొహమా, అది ఒండ్రే!" అంటూ అన్నయ్య బిందె కుదపబోయాడు. గోదారమ్మకి మెలకువొచ్చేస్తుందని నాకు ఏడుపొచ్చేసింది.

నాయనమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "లేపకురా. ఎంత దూరం నడిచొచ్చిందో ఏంటో!"

పైనీళ్లు మెల్లిగా ముంచుకుని, అడుగున మిగిలినదాన్ని బిందెతోనే కాలవ దాకా చంటిపిల్లని మోసినట్టు మోసింది. నేను మునివేళ్ల మీద వెనకాలే నడిచాను.

గింజ అరగదీసిన మనిషికి అది ఒండ్రని తెలీదా? ఆవిడ కుదపకుండా మోసింది నా మాటనని ఇన్నాళ్లకి తెలుస్తోంది.

నేనూ ఫిల్టరుకి చెవి ఆనించి, "ఎవరే లోపల?" అనడిగాను.

"నోటినిండా నీళ్లుంటే పేరెలా చెప్తారు మామ్మా!" అంది.