నిమ్మకాయ గుచ్చిన తుపాకి

మా ఇంట్లో తుపాకికి దసరానాడు జరిగే మర్యాద నాకు ఏనాడూ జరగలేదు. ఈ మాట సరసానికి అనడం లేదు, కడుపు మండి అంటున్నాను.

ఓర్వకల్లు దగ్గర గుట్టల కిందే మా చేను. శెనిక్కాయ విత్తిన మర్నాటికే అడవిపందులు దిగి, సాళ్ళ వెంబడే మూతులు పెట్టి, విత్తనాన్ని గింజ మిగలకుండా ఏరుకు తింటాయి. వాటిని బెదరగొట్టడానికి మా మామ కాలం నుంచీ లైసెన్సు తుపాకి ఒకటి ఉంది. గొట్టం మూతిలో మందు పోసి, గుడ్డ పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చే పాతరకం. గుండ్లు వేయరు. ఉత్త మందు చప్పుడుకే పందులు గుట్ట ఎక్కుతాయి. మామ పోయాక లైసెన్సు మా ఆయన పేరున వచ్చింది, పెత్తనం మాత్రం ఆయన అన్నగారిది, అంటే మా బావది.

దసరానాడు ఆ పెత్తనం చూడాలి. తుపాకిని పట్టుపంచె మీద పడుకోబెట్టి, పసుపూ కుంకుమా నీళ్ళతో కలిపి బొట్లు పెడతాడు. కర్రకు పెడతాడు, గొట్టానికి పెడతాడు, నిప్పు లోపలికి పోయే చిన్న మొన ఒకటి ఉంటుంది కదా, దాని మీదే అన్నిటికన్నా పెద్ద బొట్టు పెడతాడు. చివరికి గొట్టం మూతికి నిమ్మకాయ గుచ్చుతాడు. దాని రసం లోపలికి కారుతుంది. ఎండి దానంతటది రాలేదాకా ఆ కాయను ఎవరూ తీయకూడదు. పులుపు తగిలితే ఇనుము ఏమవుతుందో బాణలి తోమే ప్రతి ఆడదానికీ తెలుసు. మా ఇంట్లో మగవాళ్ళు బాణలి తోమరు.

మా పుట్టిల్లు కడప వైపు, ఒంటిమిట్టకు ఎగువన. మా నాయనకూ బొప్పాయి తోట కాపలాకు ఇలాంటి తుపాకే ఉండేది. పేల్చిన ప్రతిసారీ ఇంటికి రాగానే నీళ్ళు కాగబెట్టమనేవాడు. గొట్టాన్ని కర్రనుంచి ఊడదీసి, వెనకవైపు దాన్ని మూసి ఉంచే మరబిరడాను స్పానర్‌తో తిప్పి బయటికి తీసేవాడు. కాలిన మందు మసి ఆ మరచుట్లలో పేరుకుని చెమ్మ లాగుతుంది, చెమ్మ ఇనుమును తింటుంది. బిరడాను నా చేతిలో పెడితే సబ్బునీళ్ళలో పాత పళ్ళబ్రష్షుతో చుట్టు చుట్టూ తోమేదాన్ని. మొన సందులో సన్నతీగ పెట్టి పొడిచి, ఊది చూసేదాన్ని. తర్వాత ఎండలో పెట్టి, మరలకు గ్రీజు రాసి, చేత్తోనే బిగించాలి. చేతికి ఎక్కకపోతే ఇంకా మురికి ఉన్నట్టే. "తుపాకి ముందర పంది ఉంటాది పాపా, వెనక మన మొగముంటాది. యాడ శుభ్రంగా ఉండల్లో నువ్వే చెప్పు" అనేవాడు నాయన.

పెళ్ళయిన కొత్తలో ఈ ఇంట్లో తుపాకి పేలిన శబ్దం వినగానే, అలవాటు కొద్దీ పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. మా బావ నవ్వినాడు. "ఆడోళ్ళు ముట్టుకుంటే గురి పోతాదమ్మా. మర ఇప్పితే తుపాకిలో వీరం కారిపోతాది" అన్నాడు. ఆహా! పేడ ఎత్తడానికి ఈ చేతులు పనికొస్తాయి. పురుగుమందు కొట్టే డబ్బా కడగడానికి, ఆయన మోటర్‌సైకిలు చైనుకు నూనె వేయడానికి పనికొస్తాయి. వాళ్ళ తుపాకి దగ్గరికొచ్చేసరికి మాత్రం మైల. ఆ గొట్టం లోపల ఉన్నది మైల కాదట, వీరమట. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయిన ఎలక్షన్లప్పుడు అందరి తుపాకుల్లాగే మాదీ స్టేషన్లో అప్పగించి, ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నారు. పెళ్ళికొడుకు వచ్చినట్టు మా బావ గడపలో టెంకాయ కొట్టి, మళ్ళీ బొట్లు పెట్టాడు. నేను హారతి పళ్ళెం పట్టుకుని దగ్గరగా చూశాను. మొన మీద దసరానాటి కుంకుమ ఇటుకలాగా గట్టిపడింది. బిరడా గొట్టంలో కలిసే చోట చుట్టూ ఎర్రటి తుప్పు.

"బావా, పేల్చేముందర ఒక్కసారి మర ఇప్పి కడగండి. శానా తుప్పుండాది" అన్నాను.

"మా నాయన కాలం నుంచి ఇప్పలేదు. ఏమైంది?"

"ఏమన్నా అయ్యేది మీ తమ్మునికి. చెంప ఆనిచ్చి పేల్చేది ఆయప్ప."

మా ఆయన వైపు చూశాను. అన్న ముందర ఆయన నోరు పెగలదు. "పోనీలేమే, చూస్తాంలే" అన్నాడు. వాళ్ళు చూడలేదు.

ఆ వారమే విత్తనం వేశాం. మర్నాడు తెల్లారి పోతే సగం చేను తవ్వి ఉంది, పందులు ఇంకా గట్టు అవతలే ఉన్నాయి. నేను తవ్విన గుంటల్లో మళ్ళీ గింజలు వేస్తూ వంగి ఉన్నాను. మా ఆయన తుపాకి ఎత్తాడు. మొనకు తొడిగిన నిప్పుక్యాపు టప్పుమంది, లోపలి మందు అంటుకోలేదు. ఇంకో క్యాపు పెట్టినా అంతే. సందు పూడిపోతే నిప్పు ఎలా పోతుంది? "వద్దండి, దించండి" అని నేను అరుస్తూనే ఉన్నాను. మా బావ వెనక నిలబడి, "మళ్ళా కొట్టప్పా, పట్టుకుంటాది" అంటున్నాడు. పట్టుకుంది. లోపల తుప్పు తిన్న మొన మరలు ఆగలేదు, మొన ఊడి పక్కకు ఎగిరింది, ఆ దారినే మంట మా ఆయన మొహం మీదికి కొట్టింది. ఆయన కుడికన్ను మూసుకుని సాళ్ళ మధ్య కూలబడిపోయాడు.

కర్నూలు ఆసుపత్రిలో కంటికి కట్టు కట్టారు. చూపు ఉందో లేదో కట్టు విప్పేదాకా చెప్పలేమన్నారు. ఆ వరండాలో, చూడవచ్చిన చుట్టాలతో మా బావ అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "పేల్చేముందర ఈయమ్మ అపశకునం మాటలాడింది, అందుకే ఇట్లయింది" అన్నాడు. నాకు కన్నీళ్ళు రాలేదు, కోపమొచ్చింది. "అపశకునం నా నోట్లో లేదు బావా, నువ్వు పెట్టిన బొట్టులో ఉండాది. పోయి ఇప్పి చూడు!" అని వరండా అంతా వినపడేలా అరిచాను. ఇంటి కోడలు నోరు పారేసుకుందని చుట్టాలు నన్నే చూశారు. లోపల కట్టుతో ఉన్న మనిషి సంగతి ఎవరికీ పట్టలేదు.

కట్టు విప్పారు. చూపు నిలిచింది. సగం కనుబొమ మాత్రం మళ్ళీ మొలవలేదు, చెంప చర్మం కింద మందు రేణువులు నల్లగా ఉండిపోయాయి. పోలీసులు వచ్చి చూసి పోయాక, తుపాకిని కర్నూల్లో బాగుచేసే అంగడికి మా ఆయనే తీసుకుపోయాడు. వెనక బిరడా ఊడిరావడానికి పూట పట్టిందట. సాయంత్రం వచ్చి నా అరచేతిలో చిన్న కాగితం పొట్లం పెట్టాడు. విప్పితే తుప్పు రంగు మట్టి, అందులో నల్లబడిన నిమ్మగింజ. గొట్టం అడుగున, బిరడాకు అతుక్కుని ఉందట.

ఈ దసరాకు నేను ఎవరినీ అడగలేదు. పూజ పళ్ళెం రాకముందే నడివాకిట్లో పీట వేసుకుని, గొట్టం ఊడదీసి, బిరడా విప్పి, వేణ్ణీళ్ళతో కడగడానికి కూర్చున్నాను. మా బావ నిమ్మకాయ పట్టుకుని వచ్చి నిలబడిపోయాడు.

"నిమ్మకాయ వద్దులేన్నా" అన్నాడు మా ఆయన, నేలచూపులు చూస్తూ.

ఆ ఒక్క మాట. అదేదో పోయిన దసరాకే అని ఉంటే ఏం పోయేది? సంతోషం వేయాల్సింది పోయి నాకు ఇంకా మండింది. కడిగిన గొట్టాన్ని ఎండవైపు ఎత్తి, ఆయన చేతికిచ్చి, "చూడు" అన్నాను. ఎడమకన్ను ఆనించాడు.

"ఆ కన్ను కాదు."

మా బావ చూస్తుండగానే, గొట్టాన్ని మెల్లగా కుడికంటికి మార్చుకున్నాడు.

"ఏం కనపడతాండాది?"

"ఎండ. గుండ్రంగా."

"వీరం యాడన్నా కనపడతాందా?"

చాలాసేపు ఆ గొట్టంలోంచే చూస్తూ ఉండిపోయాడు. దించినప్పుడు ఆ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎండకేలే అన్నాడు. నేను బిరడా మరలకు గ్రీజు రాసి చేత్తోనే బిగించాను.