ఓ రక్తదాత కావాలి

ఆ రోజుల్లో మా కుర్రాళ్ల సేవా సంఘమంతా నెట్‌లోనే ఉండేది. వనపర్తిలో చదువుకునే మిత్రుడొకడు దాన్ని నడిపేవాడు. మాట పాటలా ఉంటేనే జనం చేరతారని వాడి నమ్మకం. నిజంగానే చేరారు.

ఒకరోజు నాగర్‌కర్నూల్ నెట్ సెంటర్‌లో వాడి కొత్త పోస్టు చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు: "ఓ ప్రాణం కోసం ఓ రక్తదాత కావాలి. గద్వాల దవాఖానకు రండి." కింద అందరూ ఎంత బాగా రాశావని మెచ్చుకున్నారు. నేను బస్సెక్కాను.

గద్వాలలో నాలాంటివాళ్లు చాలామందే దిగారు. కాన్పులో రక్తం పోయిన అమ్మాయి కోసమట. ఆమె తల్లి మమ్మల్ని చూసి, బెంచీని కొంగుతో తుడిచి కూర్చోబెట్టింది. ల్యాబ్ అతను ఒక్కొక్కరి వేలు గుచ్చి చూసి విసుక్కున్నాడు.

"ఏందయ్యా ఇది! ఓ గ్రూపు, అదీ నెగెటివ్ కావాలంటే గిట్ల అందరొస్తరా?"

అప్పుడు తెలిసింది, ఆ రెండో 'ఓ' రక్తం గ్రూపని. మేమంతా 'ఒక' అని చదువుకున్నాం. మండిపోయింది నాకు, ఆ పాటలాంటి మాట మీద. పోస్టు మార్పిద్దామంటే వాడి ఫోన్ కలవలేదు; మేమే కొత్తది పెడదామంటే ఊళ్లో కరెంటు లేదు, నెట్ సెంటర్లన్నీ చీకటి. ఫోన్‌లో దొరికినవాళ్లెవరిదీ ఆ గ్రూపు కాదు.

తల్లి మమ్మల్ని వరసగా చూసింది.

"ఇంతమందిల ఒక్కరిది గూడ పనికిరాదా, బిడ్డా?"