ఆయిషుమ్మ అర్జెంటు

ఆయిషుమ్మకి ఉన్నది ఒకే ఒక్క జబ్బని కోళిక్కోడు మిఠాయివీధి మొత్తం నమ్మేది: ఆవిడకి గడియకోసారి ఒంటికొస్తుంది. అందులో వింతేముంది, వయసు మీదపడితే ఎవరికైనా వస్తుంది. దాన్ని ఆవిడ చాటే తీరే వింత.

కొడుకు నవాస్ చీరలకొట్లో గల్లా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. పెళ్లివారు పట్టుచీర తడిమి చూస్తూ వెల అడగబోయే సమయానికి సరిగ్గా కేకేసేది.

"పిల్లలూ! నాకు ఒంటికొస్తోందే! ఎవరైనా తోడు రండి!"

పెళ్లికొడుకు తండ్రి కళ్లజోడు చీరలో జారవిడిచేవాడు. సూపర్‌వైజరు శశిధరన్ పరుగున వచ్చేవాడు.

"ఉమ్మా, కాస్త మెల్లిగా అనండి. గిరాకీ ఉంది."

"మెల్లిగా అంటే ఆగుతుందా శశీ? పోనీ నువ్వు ఆపుతావా?"

శశిధరన్ కౌంటర్లలో చీరలమ్మే అమ్మాయిలవైపు చెయ్యి ఊపేవాడు. మరుగుదొడ్డి నాలుగో అంతస్తులో, గోదాము వెనక ఉంది. తలుపు గడియ ఎప్పుడో ఊడిపోయింది. మోకాళ్లనొప్పుల ముసలమ్మని, అందులోనూ యజమాని తల్లిని ఒంటరిగా పంపే ధైర్యం అతనికి లేదు. కాబట్టి ప్రతిసారీ ఒక అమ్మాయి కౌంటరు వదిలి ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కేది.

కొత్తగా చేరిన జిషా మొదటిరోజు ఈ కేక విని చేతిలో చీర మడత విడిచేసింది. ఇంత పరువుగల ఇంటి మనిషి ఇంతమంది మగవాళ్ల ముందు ఇలాగా! తోడెళ్లడానికి తోటి అమ్మాయిలు నేనంటే నేనని ఎగబడుతుంటే ఇంకా విస్తుపోయింది. ఎంత కాకాపట్టేస్తున్నారమ్మా అనుకుని, తను మాత్రం తల తిప్పుకుని చీరలు మడతపెట్టుకుంది.

తల తిప్పుకోక ఏం చేస్తుంది? శశిధరన్ ముందే చెప్పాడు. "కౌంటరు వదిలి తిరిగేవాళ్లకి ఓణం తర్వాత ఇంటిదారే." జిషాకి ఆ ఉద్యోగం ఖాయం కావాలి. అందుకని ఎవరికీ తట్టని తెలివైన ఉపాయం కనిపెట్టానని మురిసిపోయింది: అసలు నీళ్లే తాగకపోతే వెళ్లే అవసరమే రాదుగా! పతిముఖం చెక్క వేసి అమ్మ కాచిచ్చే గులాబిరంగు నీళ్లసీసా పొద్దున నిండుగా వచ్చేది, సాయంత్రం నిండుగానే ఇంటికి పోయేది. ఓణం రద్దీ మొదలయ్యేసరికి పొత్తికడుపులో సలుపు, ఒంట్లో వేడి పట్టుకున్నాయి. పళ్లబిగువున నిలబడింది.

ఒకరోజు కేకేశాక, ఎగబడ్డ చేతులన్నిటినీ తోసేసి, ఆయిషుమ్మ జిషా మణికట్టు పట్టుకుంది. "ఇవాళ నువ్వు రా."

గోదాము వెనక తలుపు దగ్గర జిషా వినయంగా పక్కకి జరిగింది. "వెళ్లండి ఉమ్మా, నేను తలుపు పట్టుకుంటాను."

"నేనా? నాకేం వచ్చిందే? నేను ఇంట్లో కానిచ్చుకునే వచ్చాను. నువ్వు పో, తలుపు నేను పడతాను."

అన్ని కేకలూ, అంత అల్లరీ ఇందుకా! ఎగబడే అమ్మాయిల రహస్యం అప్పటికిగానీ జిషాకి తలకెక్కలేదు.

లోపల్నుంచి వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. "మంటగా ఉంది ఉమ్మా. గులాబిరంగులో వస్తోంది. పతిముఖం నీళ్లవల్లేలెండి."

"ఏ నీళ్లు? నీ సీసా మూత కూడా తియ్యలేదు కదే! తాగని నీళ్ల రంగు ఎలా వస్తుంది?" ముసలమ్మ జిషా భుజం పట్టుకుంది. "అది రక్తమే పిచ్చిదానా, రక్తం!"

మోకాళ్లనొప్పుల మాట మరిచిపోయి, మెట్లన్నీ దడదడా దిగి, ఆటో పిలిచి డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. అమ్మ ఆస్పత్రికెళ్లిందని తెలిసి నవాస్ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"డాక్టర్, మా ఉమ్మకి షుగరా? రోజుకి ఎన్నిసార్లు వెళ్తుందో లెక్కే లేదు!"

"మీ ఉమ్మ నిక్షేపంగా ఉన్నారు. జబ్బు ఈ అమ్మాయికి. మూత్రసంచిలో ఇన్‌ఫెక్షన్. నీళ్లు తాగకుండా, వచ్చింది బిగబట్టుకుంటే సూక్ష్మక్రిములు అక్కడే కాపురం పెడతాయి. ఇంకొంచెం ఆలస్యమైతే కిడ్నీలదాకా పాకేది." జిషా వైపు తిరిగింది. "మంట తగ్గిందని మాత్రలు మధ్యలో మానకు. దాహమేసేదాకా ఆగకుండా నీళ్లు తాగు. వచ్చినప్పుడు వెళ్లు. కడుక్కునేది ముందునుంచి వెనక్కి."

నవాస్ తల్లిని చూశాడు. "మరి నువ్వు గంటగంటకీ..."

"నేను వెళ్లలేదురా. నీ కొట్లో ఆడపిల్లలు వెళ్లారు. వాళ్లకొస్తే శశి పంపడు. నాకొస్తే ఆపలేడు. ఏం చెయ్యమంటావు? సిగ్గు వాళ్లకుంది, నాకు లేదు!"

నవాస్‌కి సిగ్గేసింది. తన కొట్లో, తన కళ్లముందే! జిషాతో అన్నాడు. "నయమయ్యాకే రా అమ్మా. ఉద్యోగం ఎక్కడికీ పోదు. శశితో నేను మాట్లాడతాను."

ఓణం వెళ్లేలోపు తలుపుకి గడియ పడింది, ప్రతి అంతస్తులోనూ మంచినీళ్లు పెట్టారు. ఎవరికొస్తే వాళ్లు వెళ్తున్నారు. శశిధరనే "వెళ్లొచ్చావా అమ్మా?" అని అడగడం నేర్చుకున్నాడు, చెవులదాకా ఎర్రబడుతూనే. ఆయిషుమ్మకి మాత్రం పనిలేకుండా పోయింది.

ఒకరోజు కొట్టు కిటకిటలాడుతుండగా మళ్లీ కేక వినిపించింది. "పిల్లలూ! ఒంటికొస్తోందే!"

జిషా నవ్వింది. "మేమంతా వెళ్లొచ్చాం ఉమ్మా! మీరు హాయిగా కూర్చోండి!"

ఆయిషుమ్మ కుర్చీలోంచి లేచి, రెండు కాళ్లూ దగ్గరికి బిగించి అరిచింది.

"ఓసి నీ దుంపతెగ! ఈసారి నిజంగా నాకేనే!"